పుర్రచేతి కత్తిరింపు

కత్తెర అప్పుడు ఏ చేతిలో ఉంది, పట్టకారు కుడిచేతిలో ఉందని బాగా గుర్తుంది, అది కుడిచేతిలో ఉంటే కత్తెర ఎడమచేతిలో ఉన్నట్టే కదా, నాకేమైనా మూడో చెయ్యి ఉందా, ఈ ఆస్పత్రి బెంచీ ఒకటి, కదిలితే చాలు కిర్రుమంటుంది, పక్కన బావ చీకూ చింతా లేకుండా గురక పెడుతున్నాడు, తలుపుకి అవతల తన పెళ్ళాం చేతికట్టు విప్పుతుంటే ఈయనకి నిద్రెలా పడుతుందో, పాపం రాత్రంతా అక్క మంచం పక్కన కుర్చీలో కూర్చున్నది ఆయనే, నేను ఇంట్లో పరుపు మీద పడుకుని కూడా కన్ను మూయలేదు, ఎంతసేపు విప్పుతారు, గాజుగుడ్డ అంటుకుపోయి ఉంటుంది, తడిపి తడిపి తీయాలి, తొందరపడి లాగకండి బాబూ.

లాండ్రీలో ఆవిరి గొట్టం ఊడి పడింది, ఇస్త్రీ యంత్రం దగ్గర అక్క ఉంది, ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకోబట్టి ముఖం దక్కింది, కుడిచెయ్యి వెనకవైపంతా వేళ్ళ నుంచి మణికట్టు దాకా ఒలిచిపోయింది, సర్జన్ ఆమె తొడ మీంచి చిటికెన గోరంత తోలు తీసి మా ల్యాబ్‌కి పంపాడు, తోలు పెంచడమే నా ఉద్యోగం, డబ్బా మీద పేరుండదు, నంబరే ఉంటుంది, ఆ నంబరు ఎవరిదో నాకు తెలియకుండా ఎలా ఉంటుంది, రోజూ పొద్దున్నే తోలు పెరిగే ఆ డిష్ పక్కనే నిలబడేదాన్ని, గులాబీరంగు నీళ్ళలో అక్క కొంచెం కొంచెంగా పెరుగుతోంది, చెబితే అక్క నవ్వింది, నా తోలు నాకే అతికించడానికా నువ్వు అన్నేళ్ళు చదివావు, నీ తోలే పెట్టాల్సింది కదే, మందంగా ఉంటుంది, ఎవరేమన్నా లోపలికి దిగదు, అంది, నొప్పితో పళ్ళు బిగబట్టి కూడా వెక్కిరించడం మానదు మా అక్క, నాకు ఏడుపొచ్చింది కానీ నవ్వాను.

మందమా, ఆ పొర ఉల్లిపొరకన్నా పలచన, డిష్ నుంచి ఊడగానే ముడుచుకుంటుంది, ఏది పైముఖమో ఏది అడుగుముఖమో కంటికి ఆనదు, అడుగుముఖమే పుండుకి తగలాలి, తిరగబడిందా అంతే సంగతులు, అందుకే పొడుగ్గా ఉండే రెండు గాజుగుడ్డల మధ్య పరిచి, కుడివైపు పైమూల కత్తిరించి పంపుతాం, సర్జన్ ఆ మూలని తన కుడివైపు పైకి ఉంచుకుని, ఎదుటికొచ్చిన గుడ్డ ఒలిచేసి, ఆ ముఖాన్ని పుండు మీద పెడతాడు, నేను ఎడమమూల కత్తిరించి ఉంటే ఆయన మొత్తం తిరగేసుకుని ఉంటాడు, తప్పుడు గుడ్డ ఒలిచి ఉంటాడు, ఆ రోజు ఆపరేషన్ గది నుంచి ఫోను మీద ఫోను, ఇంకా రాలేదేం, ఇంకా రాలేదేం, గ్లోవ్స్ లోపల నా చేతులకి చెమట, కంగారు పుడితే నా ఎడమచెయ్యి నన్నడగదు, తనే ముందుకొచ్చేస్తుంది, దానికి దగ్గరగా అందేది ఎడమమూలే, వేరేవాళ్ళ తోలైతే రెండోసారి చూసుకునేదాన్నేమో, అక్కది కాబట్టి చూసుకోలేకపోయాను, మళ్ళీ పెంచాలంటే వారాలు, ఈలోపు పుండు ముడుచుకుని వేళ్ళని వెనక్కి లాగేస్తుంది, వేళ్ళు మడవలేని మనిషిని లాండ్రీలో ఎవరుంచుకుంటారు.

పుర్రచెయ్యీ అనే పిలిచేది నన్ను, అక్షరాలు నేర్పింది అక్కే, తన జడ రిబ్బను విప్పి నా ఎడమచెయ్యి కుర్చీకి కట్టేసి, ఆ కుడిచెయ్యే, ఇప్పుడు కట్టులో ఉన్న ఆ చెయ్యే, నా కుడిచేతి మీద వేసి, ఇలా పట్టు, పెన్సిలు ఇలా పట్టాలే, అని, పదిమందిలో నవ్వులపాలు కాకూడదని అక్క తాపత్రయం, నేను నేర్చుకున్నాను కూడా, అన్నం కుడిచేత్తో, సంతకం కుడిచేత్తో, అందరూ మర్చిపోయారు, పట్టిందా అని అమ్మ పొద్దున్నించి ఫోన్లో ఒకటే అడగడం, తోలు పట్టిందా, నాకు నిద్ర పట్టలేదు, కాలు నిలవదు, బస్సులో ముచ్చెమటలు పట్టాయి, నేను పెంచిన తోలుకి చెమట కూడా పట్టదు, చెమట గ్రంథులుండవు దానికి, వెంట్రుక మొలవదు, అది పట్టాల్సింది ఒక్క అక్కని, ఆ ఒక్కటీ చేస్తే చాలు, తలుపు తెరుచుకుంది, మీరేనా చెల్లెలు, రమ్మంటున్నారు, అంది నర్సు, ఎందుకు రమ్మంటున్నారో ఆమె ముఖంలో ఏమీ లేదు, బావని లేపకుండానే లేచి వెళ్ళాను.

లోపల మందు వాసన, అక్క అటు తిరిగి ఉంది, కట్టు సగం తొట్టిలో, సర్జన్ దూదిపుల్లతో మెల్లగా నొక్కుతున్నాడు, పక్కకి తోస్తున్నాడు, జారిపోతుంది, ఇప్పుడు జారిపోతుంది, జారలేదు, లేత గులాబీరంగు, తడి మెరుపు, పట్టిందండీ, అన్నాడాయన, చిటికెనవేలి దగ్గర కొంచెం పోయింది, చుట్టుపక్కల తోలు వచ్చి మూసేస్తుంది, అన్నాడు, నేను థాంక్సు చెప్పకుండా, కత్తిరించిన మూల ఎటుంది సార్, అన్నాను, ఎటుంటుందమ్మా, కుడివైపే, మీ పొర కిందామీదా చూసుకునే కదా ఒలిచేది, అన్నాడు, మంచం అంచు పట్టుకున్నాను, తప్పు మూల కత్తిరించి ఉంటే తిరగబడేది, పట్టేదే కాదు, అయితే నా ఎడమచేతికి పని తెలుసు, నాకే దాని మీద నమ్మకం లేదు.

ఏంటే ముఖమలా పెట్టావు, ఒలిచింది నీదా నాదా, నీళ్ళివ్వు ముందు, అంది అక్క, గ్లాసు తీసి పెదవులకి ఆనించాను, తాగుతూ తాగుతూ ఆగింది, గ్లాసు కేసి చూసింది, గ్లాసు పట్టుకున్న చేతికేసి చూసింది, ఇంకా మానలేదా నువ్వు ఆ చెయ్యి, ఎంత కష్టపడ్డానే నీతో, రిబ్బను కూడా పాడైపోయింది, అంది, నీళ్ళు గడ్డం మీద కారుతున్నా నవ్వుతోంది, నేను గ్లాసు చెయ్యి మార్చుకోలేదు, మార్చుకోవాలనిపించలేదు, పై నుంచి ఎంత జాగ్రత్తగా అతికించినా కిందున్న ఒళ్ళు ఒప్పుకుంటేనే కదా పట్టేది, రోజూ డిష్ మీద వంగి కూడా నేను తెలుసుకోలేదు, అక్క నాకు అతికించిన కుడిచెయ్యి ఇన్నేళ్ళైనా నాకు పట్టలేదు, నా ఎడమచెయ్యి అక్కకి పట్టింది.