పట్టేసిన క్లచ్

కారు కొనే మనిషి పదకొండింటికి వస్తానన్నాడు. ఇంకో అరగంటలో వస్తాడనగా తెలిసింది, మా కారు క్లచ్ పట్టేసిందని.

మా కారంటే నిజానికి మా ఆయన హెడ్లీ కారు. ఇద్దరే పట్టే పాత స్పోర్ట్స్ కారు, కూర్చుంటే నేల చేతికి అందుతుంది. మా పెళ్లికి ముందే కొన్నాడు కాబట్టి సవతిని నేనే. ఆదివారాలన్నీ దాని కింద పడుకొనే గడిపాడు. అది కార్చే నూనెకి గ్యారేజీ నేలంతా నల్లబడింది. ఎప్పుడైనా కారడం మానేస్తే అతనికి కంగారు, లోపల నూనె అయిపోయిందేమోనని. ఇన్నేళ్లలో దాన్ని ఒక్కసారి కూడా నా చేతికివ్వలేదు. నేనూ అడగలేదు. అడిగి కాదనిపించుకోవడం నాకు పడదు.

పోయిన అక్టోబరులో అతని ఎడమ మోకాలు మార్చారు. ఆపరేషన్ బాగానే అయింది కానీ, ఆ కారు క్లచ్ తొక్కడం ఇక కుదరదని డాక్టరు తేల్చేశాడు. హెడ్లీ కొన్నాళ్లు గ్యారేజీ వైపే వెళ్లలేదు. తర్వాత తనే అమ్మకానికి పెట్టాడు. "ఊరికే నిలబెట్టి ఉంచితే దానికి మంచిది కాదు," అన్నాడు. దానికి మంచిది కాదట. తన సంగతి ఎత్తలేదు.

చలికాలానికి కారు మూలపెట్టేటప్పుడు ఇలాంటి పాత కార్లవాళ్లు క్లచ్ పెడల్ అదిమి, సీటుకీ దానికీ మధ్య ఓ కర్ర బిగిస్తారు. లేకపోతే చెమ్మకి లోపలి పళ్లేలు తుప్పుపట్టి ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఈసారి కర్ర పెట్టాల్సిన మనిషి ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు.

"రెండో గేరులో స్టార్ట్ చేసి, క్లచ్ తొక్కిపట్టి, యాక్సిలరేటర్ తొక్కుతూ వదులుతూ తిప్పాలి," అన్నాడు హెడ్లీ. "ఆ కుదుపులకి పట్టు ఊడొస్తుంది."

"ఎప్పటికి?"

"దానికి బుద్ధి పుట్టినప్పుడు. అందాకా గేరు మార్చలేం, ఆపకూడదు. ఆపితే బ్యాటరీ మళ్లీ లాగదు."

"మరి తొక్కేదెవరు?"

అతను నా కాళ్ల వైపు చూశాడు.

కారు కప్పలా గెంతుతూ గ్యారేజీలోంచి బయటపడింది. అప్పుడే చినుకులు మొదలయ్యాయి.

"పైకప్పు వేసుకోవాల్సింది," అన్నాను.

"ఈ నాలుగు చినుకులకా? ఎవరైనా చూస్తే పరువు పోతుంది."

ఊరి చుట్టూ తిరిగే రోడ్డు పట్టాం.

"తొక్కు. వదులు. గట్టిగా, మ్యూరియల్. పిండి పిసుకుతున్నావా?"

"నా కాళ్ల సంగతి నేను చూసుకుంటాను. నువ్వు గొర్రెల్ని చూడు."

గొర్రెలు నిజంగానే రోడ్డుకి అడ్డంగా ఉన్నాయి. హారన్ ఎప్పుడో మూగబోయింది. హెడ్లీ ముందద్దం పట్టుకొని లేచి నిలబడి ఒక్క కేక పెట్టాడు. ఒకటి తప్ప అన్నీ తప్పుకున్నాయి. దాని పక్కనుంచి నేను కారుని గడ్డి మీదుగా పోనిచ్చాను.

చర్చి దగ్గర పాస్టరుగారు సైకిలు దిగారు. "మ్యూరియల్, ఒక్క నిమిషం, ఈ ఆదివారం పువ్వులు..."

"ఆగలేనండీ, మళ్లీ వచ్చినప్పుడు చెప్పండి."

మిగతా మాట రెండో చుట్టులో చెప్పారు.

మా గేటు ముందు పిండర్ అనే ఆ కొనే మనిషి, ట్రైలరుతో సహా వచ్చి నిలబడి ఉన్నాడు. నేను చెయ్యి ఊపుతూ దాటించేశాను.

"క్లచ్ పట్టేసింది," అని అరిచాడు హెడ్లీ.

"కర్ర పెట్టలేదా?" అని వెనకనుంచి అరిచాడు పిండర్. "తిరగండి, తిరగండి. నేనుంటాను."

మూడో చుట్టులో, పబ్బు దగ్గర పల్లం దిగుతుంటే, నా కాలి కింద టక్కుమంది. కారు లాగుడు మానేసి హాయిగా జారింది. ఊడిపోయింది.

హెడ్లీ వైపు చూశాను. వాన మొహం మీద పడుతున్నా తుడుచుకోకుండా, చెయ్యి బయటికి వేలాడేసి తలుపుని నిమురుతున్నాడు. ఇప్పుడు ఇంటి ముందు ఆపితే ట్రైలరు ఎక్కించడమే తరువాయి.

"ఊడిందా?" అన్నాడు.

"లేదు," అన్నాను.

పొయ్యి మీద పాలు పొంగినా వినపడని మనిషికి, ఆ కారులో ఓ బోల్టు వదులైతే వినపడుతుంది. ఆ టక్కుమన్నది వినపడకుండా ఉంటుందా?

"అయితే ఇంకో చుట్టు వెయ్యి," అన్నాడు, నా వైపు చూడకుండా.

ఆ సంబరంలో నేనో పని చేశాను. సరిగ్గా మా గేటు ముందు, పిండర్ చూస్తుండగా, చక్కగా మూడో గేరులోకి మార్చాను. పట్టేసిన క్లచ్‌తో అలా మార్చడం ఎవరి తరమూ కాదు. ఆ సంగతి పిండర్‌కి ఒకరు చెప్పక్కర్లేదు. టోపీ తీయబోయిన అతని చెయ్యి గాల్లో ఆగింది. హెడ్లీ మబ్బుల్ని శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

మళ్లీ మేం తిరిగొచ్చేసరికి గేటు దగ్గర ట్రైలరు లేదు, మనిషీ లేడు.

గ్యారేజీలో ఇంజను ఆపాక ఇద్దరం అలాగే కూర్చున్నాం, నీళ్లు కారుతూ.

"మూడో గేరు కాస్త తొందరపడి వేశావు," అన్నాడు.

"ఆదివారం నేర్పు."

అతను అలవాటుగా తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. దాన్ని నా చేతిలో చూసి, చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.