ఫిడేళ్ళు వచ్చే చోటు

సినిమా పాటను ఓడించిన మగాడు ఈ దివిసీమ మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ నేనే. పేరు దైవాధీనం. చదివింది ఐదో తరగతి. బడిలోకి వాన నీళ్ళొచ్చిన రోజులు తీసేస్తే మూడున్నర. అయినా హార్మోనియం ముందు కూర్చున్నానంటే బందరు నుంచి వచ్చిన పాస్టరు గారు కూడా ప్రసంగం మర్చిపోయేవారు. నేను బిలహరి రాగం ఎత్తుకున్న పూట మా గేదె శేరు పాలు ఎక్కువిచ్చేది. నమ్మకపోతే మానెయ్యండి. ఆ గేదె పోయి చాలా కాలమైంది, సాక్ష్యానికి రాదు.

అది యాభై తొమ్మిదో సంవత్సరం, ఆగస్టు నెల. నాట్లు జోరు మీదున్నాయి. నాగాయలంక పోయే దారిలో మా ఊరు. మా యేసు గుడి కట్టి పాతికేళ్ళయిందని ఒక గురువారం సాయంత్రం పండుగ పెట్టారు. గుళ్ళో కాళ్ళతో తొక్కే హార్మోనియం ఒకటుండేది, దాని ముందు ఒక ముక్కాలిపీట. మా నాన్న ఆ పీట మీద కూర్చుని కూర్చుని పోయాడు, తర్వాత నేను కూర్చున్నాను. పొలంలో మేం కూలోళ్ళం. పెద్ద వీధిలోకి వెళ్ళాలంటే చెప్పులు చేత్తో పట్టుకునే రోజులవి. ఆ పీట మీద మాత్రం నేను అందుకుంటేనే జనం నోరు తెరవాలి, నేను ఆపితే మూయాలి. ఆ పీట నాకేమిటో ఇంతకన్నా విడమరచి చెప్పలేను.

ఆ పండుగకి మా బావమరిది విల్సన్ మైకు సెట్టు తెచ్చాడు. విల్సన్ మా ఆవిడ ప్రేమమ్మకి తమ్ముడు. ముదినేపల్లి వాళ్ళు. గుడివాడలో మైకుల పని నేర్చుకుని అవనిగడ్డలో కొట్టు పెట్టాడు. నూనె కారే క్రాపు, జేబులో దువ్వెన. వస్తూనే తాటిచెట్టుకి హారన్ కట్టి, లారీ బ్యాటరీకి తీగలు తగిలించి, గ్రామఫోనుకి కీ ఇచ్చి కొత్త సినిమా పాట వదిలాడు. పడవలో ఉన్న పిల్ల గట్టు మీది పిల్లాణ్ణి రమ్మని పిలవడం, మధ్యలో ఫిడేళ్ళు, మళ్ళీ పిలవడం. ఆ మోతకి పక్క పొలంలో పీతలు కన్నాల్లోంచి వచ్చి డెక్కలెత్తి నిలబడ్డాయి. నేను కళ్ళారా చూశాను.

"ఒరేయ్, గుడి ఆవరణలో ఏంట్రా ఆ కూత?" అన్నాను.

"కూత కాదు బావా, పాట. మద్రాసులో నలభై మంది ఫిడేళ్ళు పట్టుకుని కూర్చుంటే తయారైంది. నీ పెట్టెకి నలభై మెట్లన్నా సరిగ్గా పలుకుతాయా?"

"అది ఏ రాగమో చెప్పు ముందు."

"మా అక్క పెట్టిన పులుసు తినేటప్పుడు దినుసుల జాబితా అడుగుతావా ఏంటి? జుర్రుకుంటావుగా!"

జనం నవ్వారు. నాకు చెవులు కాలాయి.

"నా కీర్తన కట్టడానికి నాకు నాలుగేళ్ళు పట్టిందిరా. నీ పాట సోడా లాంటిది. గోలీ కొట్టినప్పుడు చప్పుడు, తాగాక తేన్పు. ఆరు నెలలాగు, నీ పాట ఎవడికైనా గుర్తుంటే నా మీసం తీయిస్తాను."

"నాలుగేళ్ళు పట్టింది నీ బుర్రకి బావా, కీర్తన గొప్పతనానిక్కాదు. నువ్వు ఆలాపన మొదలెడితే సంఘం పెద్ద సామ్యేలు గారు కునుకు తీసి, లేచి, మొహం కడుక్కుని వచ్చినా నువ్వింకా అక్కడే ఉంటావు. మా వాళ్ళు మూడు నిమిషాల్లో మనిషి చేత కన్నీళ్ళు పెట్టిస్తారు. మూడంటే మూడు నిమిషాలు. నీకు చాతనవుద్దా?"

"ఉల్లిపాయ కూడా పెట్టిస్తుంది కన్నీళ్ళు!"

మాట మీద మాట పెరిగింది. నేను వాణ్ణి దువ్వెనగాడన్నాను, వాడు నన్ను తుప్పుపెట్టె అన్నాడు. నా చెయ్యి వాడి కాలరు దాకా వెళ్ళింది. ఆ సామ్యేలు గారే మధ్యలోకి వచ్చి చెరో పక్కకి నెట్టారు.

"ఏ పాటకి బలముందో మీరిద్దరూ తేలిస్తే తేలేది కాదు," అన్నారాయన. "ఇవాళ ఇద్దరూ మీ మీ పాటలు వినిపించండి. రేపు పొద్దున నాట్లలో ఆడవాళ్ళు ఏది పాడితే అది గెలిచినట్టు."

మా వైపు నాట్లేసేటప్పుడు ముఠాలో ముందున్న మనిషి పాట ఎత్తుకుంటుంది, వరసంతా అందుకుంటుంది. ఆ పాటకే చేతులాడతాయి, ఆ పాటకే అడుగు వెనక్కి పడుతుంది. పాట లేకపోతే వరస వంకర తిరుగుతుంది. ఆ ముఠాలో ముందుండేది మా ప్రేమమ్మే. నేను లోలోపల సంతోషించాను.

"కీర్తన పాడితే ఆ హారన్ మళ్ళీ మా గుళ్ళోకి రాకూడదు," అన్నాను.

"సినిమా పాట పాడితే ఆ పీట తీసేసి అక్కడ నా గ్రామఫోను పెడతా," అన్నాడు విల్సన్.

సామ్యేలు గారు సరేనన్నారు. నోరు జారిందని నాకు తెలుస్తూనే ఉంది. వెనక్కి తీసుకోడానికి మీసం అడ్డొచ్చింది.

ఆ సాయంత్రం నేను రాసి బిలహరిలో కట్టిన కీర్తన ఏడుసార్లు పాడాను. "చౌడు నేలకు చినుకు నడిపిన తండ్రీ" అని మొదలవుతుంది. విల్సన్ వాడి రికార్డు ఏడుసార్లు తిప్పాడు. ఇంటికెళ్ళాక ప్రేమమ్మని అడిగాను, "ఏవే, రేపు ఏది ఎత్తుకుంటావు?" అని. "నోటికి ఏదొస్తే అది," అని అటు తిరిగి పడుకుంది.

తెల్లారి గట్టు మీద మేం ముగ్గురం కూర్చున్నాం, మధ్యలో సామ్యేలు గారు. మడిలో పధ్నాలుగు మంది ఆడవాళ్ళు. ప్రేమమ్మ నారుకట్ట విప్పి, వంగి, ఎత్తుకుంది.

"చౌడు నేలకు చినుకు నడిపిన తండ్రీ..."

నేను లేచి నిలబడ్డాను. "విన్నావురా? హారన్ విప్పుకో!"

"కూర్చో బావా. చెవులు కడుక్కుని విను."

విన్నాను. మాటలు నావే. వరస మాత్రం ఆ పడవ పిల్లది. నా బిలహరి ఊడపీకి, నా మాటలకి ఆ పిల్ల లంగా ఓణీ తొడిగారు. పధ్నాలుగు గొంతులు, చకచకా చేతులు. పాటలో ఫిడేళ్ళు వచ్చే చోట మాత్రం ఆపి, నడుం ఎత్తి, కొత్త నారుకట్టలు అందుకుంటున్నారు. కట్ట విప్పడం అయ్యేసరికి మళ్ళీ నా మాట.

నేను మడిలోకి దిగిపోయాను. "ఏవిటే ఇది! నా కీర్తనని పాడు చేశావు!"

ప్రేమమ్మ నడుం నిమురుకుంటూ నిలబడింది. "మీ పాటతో నాటి చూశాం, పొద్దున్నే మీరు రాకముందు. ఒక్కో మొక్కకి రాగం సాగదీసి ఒక్కో సంగతి తీయాలి. అలాగైతే దీపాలు పెట్టేవేళకి కూడా గట్టెక్కం."

"చెప్పక్కా, బాగా చెప్పు," అన్నాడు విల్సన్ గట్టు మీంచి.

"నువ్వు నోరుముయ్యి! నీ పాటకి చెయ్యాడుతుంది, అంతే. మాటలు చూస్తే ఏముంది? పిల్ల రమ్మంటది, పిల్లాడు చూస్తా నిలబడతాడు. నడుం విరిగిపోతుంటే ఆ పిల్ల గోల మాకెందుకు? ఈయన పాటలో మా మడి ఉంది, మా వాన ఉంది. అందుకని మాటలు ఉంచుకున్నాం. మీ ఇద్దరి పాటలూ సగం సగమే పనికొచ్చాయి. ఇక మీ వల్లే ఆలస్యం, మీ నీడ మడి మీద పడుతోంది, తప్పుకోండి."

మేమిద్దరం ఓడిపోయామా, ఇద్దరం గెలిచామా? గట్టు మీద మళ్ళీ కాలర్లు పట్టుకున్నాం. పాటంటే వరసేనన్నాడు వాడు. పాటంటే మాటలన్నాను నేను. ముందు రోజు దాకా రాగం రాగం అని గొంతు చించుకున్నవాణ్ణి నేనేనని సామ్యేలు గారు గుర్తు చేశారు. తర్వాత తీర్పు చెప్పారు: "ఆదివారం ఆడవాళ్ళు ఇదే పాట గుళ్ళో పాడతారు. దైవాధీనం వాయిస్తే పీట ఆయనది. వాయించనంటే అక్కడ గ్రామఫోను పెడదాం."

"వాయించను," అన్నాను.

ఆదివారం వచ్చింది. గుడి నిండింది. నేను పీట మీద కూర్చున్నాను కానీ హార్మోనియం మూత తీయలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. వెనక బెంచీలో విల్సన్, పక్కన గుడ్డ కప్పిన గ్రామఫోను. ఆడవాళ్ళు లేచి నిలబడి మొదలెట్టారు. నా సాయం లేకుండానే శుభ్రంగా పాడారు. అదొక దెబ్బ. చరణం అయింది. ఫిడేళ్ళు వచ్చే చోటు వచ్చింది.

గుళ్ళో నారుకట్టలు లేవు. పధ్నాలుగు మందికీ చేతులు ఖాళీ. ఏం చెయ్యాలో తెలియక ఆగిపోయారు. అందరి కళ్ళూ నా మీద. ప్రేమమ్మ ఒక్కతే నా వైపు చూడలేదు, నేల వైపు చూస్తోంది. చెంగు కొస వేలికి చుట్టి విప్పుతోంది. అప్పుడు నా చెయ్యి నన్నడక్కుండా లేచింది, మూత తెరిచింది. కాళ్ళు తొక్కడం మొదలెట్టాయి. ఆ నలభై ఫిడేళ్ళ ముక్క, ఒక్క మెలిక కూడా పోకుండా, నా పెట్టెలోంచి బయటికొచ్చింది. ఆడవాళ్ళు రెండో చరణం అందుకున్నారు. వెనక బెంచీలో విల్సన్ ఒక్కసారి కిసుక్కుమని, చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నాడు.

కాబట్టి మొదట్లో చెప్పిన మాట కొట్టేసుకోండి. సినిమా పాటను నేను ఓడించలేదు. అదే నన్ను నా గుళ్ళో, నా పెట్టె మీద, నా వేళ్ళతో ఓడించింది. పీట దక్కింది, మీసం పోయింది. ఆ వారమే తీయించాను.

ఇందులో ఒక్క అబద్ధం ఉంది. పీతలు కాదు, పీతలు నిజం. గేదె కూడా నిజం. నా చెయ్యి నన్నడక్కుండా లేచిందన్నాను చూడండి, అది కల్పించాను. శనివారం ప్రేమమ్మకి బీరకాయ విత్తనాలని చెప్పి నాలుగు మైళ్ళు నడిచి అవనిగడ్డ వెళ్ళాను. విల్సన్ కొట్లోకి వెళ్ళి, మాట్లాడకుండా బల్ల మీద కూర్చున్నాను. వాడు లేచాడు. తలుపు ఓరగా వేసి, కీ తిప్పి, ఆ రికార్డు పదకొండుసార్లు పెట్టాడు. నేను బల్ల అంచు మీద వేళ్ళాడించుకున్నాను. లేస్తుంటే అన్నాడు, "బావా, రెండో మెలిక దగ్గర నీ చిటికెనవేలు ఆలస్యంగా పడుతోంది." నా చేత ఇంకోసారి చేయించి మరీ పంపాడు, వెధవ.

ఈ సంగతి వాడు ఇవాళ్టి దాకా ఎవరికీ చెప్పలేదు. వాళ్ళక్కకి కూడా. వాడంటే నాకు ఒళ్ళు మండేది అందుకే. ఇప్పుడు నేనే చెప్పేశాను. ఇక వాడి దగ్గర నా గుట్టేమీ లేదు.