వంకర కొమ్ములవాళ్ళ దారి

మా కొండల్లో ఒక జంతువు ఉంది. గొర్రె జాతే, కానీ మా మందలోని గొర్రెకు రెండింతలుంటుంది. పోతుకు ఒక్కో కొమ్మూ చెంప చుట్టూ పూర్తిగా తిరిగి మళ్ళీ బయటికి వస్తుంది. దాని పేరు నేను నలభై రెండేళ్ళు నోటితో అనలేదు. కారణం ఏమంత గొప్పది కాదు. అది మా మామగారి పేరు.

మాలో కోడలు మామ పేరు పలకదు. ఆ పేరులో దాక్కున్న మాటైనా పలకదు. పందొమ్మిదేళ్ళకు నేను ఈ ఇంట్లో కాలుపెట్టిన రోజే అత్తయ్య నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి ఏయే పేర్లు అనకూడదో వల్లె వేయించింది. "మీ మామయ్యది. మీ పెద్ద బావగారిది, తెమిర్. నోరు జారావో, చెంప పగులుద్ది పిల్లా." ఆ పేరుకు అర్థం ఇనుము. ఆ వారమే ఇనప గడ్డపార కావలసివచ్చి, "ఏవండీ, ఆ గట్టిది ఇటివ్వండి" అన్నాను. మా ఆయన సత్కిన్ నెల్నాళ్ళ కిందటి ఎండు రొట్టె తెచ్చి చేతిలో పెట్టాడు. ఊళ్ళో ఆడవాళ్ళు ఇప్పటికీ నన్ను చూస్తే రొట్టె గట్టిగా ఉందా అని అడుగుతారు. అడగనీయండి, వాళ్ళ నోళ్ళు పడ.

జంతువుకు మాత్రం నేనే పేరు పెట్టుకున్నాను, వంకర కొమ్ములవాళ్ళు అని. సరదా పుట్టినప్పుడు "మామయ్యవాళ్ళు" అనేదాన్ని. మామయ్య విని మీసం కింద నవ్వుకునేవాడు. వయసులో ఉండగా ఆయన పెద్ద వేటగాడు. ఒకసారి చూలుతో ఉన్నదాన్ని తెలియక కొట్టి, పొట్ట కోశాక చూసి, ఇంటికొచ్చి తుపాకీ మా పెద్ద బావగారికి ఇచ్చేశాడు. అప్పట్నుంచీ ప్రతి ఏడూ మొదటి మంచు పడగానే సరీబెల్ కనుమ మీద కూర్చుని అవి దాటుతుంటే చూడటమే ఆయన పండగ.

అవి దాటేది ఆ కనుమ ఒక్కచోటే. వేసవంతా ఉత్తరపు కొండల్లో మేస్తాయి. చలికాలం అక్కడ మంచు ఛాతీ లోతు పడుతుంది. దక్షిణపు వాలు మీద గాలి మంచును ఊడ్చేస్తుంది కాబట్టి గడ్డి దొరుకుతుంది. రెండు కొండల మధ్యా దారి సరీబెల్. అది మూస్తే అవతలే ఉండిపోయి ఆకలితో చస్తాయి. ఇది మా ఊళ్ళో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు.

రెండేళ్ళ కిందట వేసవిలో పట్నం నుంచి సాల్కిన్ అనే అమ్మాయి వచ్చింది. ఏ జంతువు ఏ కొండ నుంచి ఏ కొండకు పోతుందో పటం గీస్తున్నారట. మగవాళ్ళంతా మందలతో పైన ఉన్నారు. గుడారంలో నేనూ పులిసిన గుర్రప్పాల కుమిస్ తిత్తీ తప్ప ఎవరూ లేరు. రెండు గిన్నెలు తాగించి కూర్చోబెట్టాను.

"సరీబెల్ మీదుగా ఏం దాటతాయక్కా?"

"ఇంకేం దాటతాయి, వంకర కొమ్ములవాళ్ళు. మంచు పడగానే ఇటు, కరగ్గానే అటు. మందలకు మందలు."

"అంటే గొర్రెలా?"

"గొర్రెల్లాంటివే. మా మామయ్యవాళ్ళు."

"ఓ, మీ మామగారివా!" అని రాసుకుంది. నేనూ తలూపాను. ఏం రాసుకుందో నాకేం తెలుసు? పట్నంలో పుట్టిన పిల్ల, రేపు మామనే పేరు పెట్టి పిలిచే రకం. నా నోటి కట్టడి దానికెలా తెలుస్తుంది? కింద సంతకం చెయ్యమంటే చేశాను. వెళ్ళేటప్పుడు ఎండబెట్టిన పెరుగుండలు కూడా మూటకట్టి ఇచ్చాను.

నిరుడు వేసవి చివర సరీబెల్ మీదకు బండ్లలో స్తంభాలు వచ్చాయి. మా మేతభూముల సంఘం పెద్ద ఒమూర్జాక్ వేయిస్తున్న కంచె. మనిషి చెడ్డవాడు కాదు. అంతకుముందు ఏడు దొంగలు అతని పదకొండు ఆడగుర్రాలను ఆ కనుమ మీదుగానే తోలుకుపోయారు. నిలువెత్తు వల, పైన ముళ్ళతీగ. అడవి జంతువుల దారికి అడ్డంగా కంచె వేయకూడదని రూలుంది కదా అని సత్కిన్ అడిగితే, ఒమూర్జాక్ జేబులోంచి కాగితం తీసి అందరిముందూ చదివాడు.

"సరీబెల్: అడవి జంతువుల రాకపోకలు లేవు. స్థానికుడి పెంపుడు గొర్రెల మంద ఏటా రెండుసార్లు దాటును. చెప్పింది, సత్కిన్ భార్య కలిచా." చదివి నవ్వాడు. "మీ ఇంట్లో అంత మంద ఉందా సత్కిన్? మరి పండక్కి మాకో గొర్రెపిల్లనైనా పెట్టవేం?"

అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. సత్కిన్ నావైపు చూశాడు. నలభై రెండేళ్ళ కాపురంలో ఆ చూపు నేనెరగను. అందరికీ నిజం తెలుసు. కానీ అందరికీ గుర్రాలున్నాయి. నిద్రపోయేవాణ్ణి లేపొచ్చుగానీ, నటించేవాణ్ణి లేపగలమా?

మామయ్యకు ఎవరూ చెప్పలేదు, నేను చెప్పనివ్వలేదు. ఎనభై ఆరేళ్ళ మనిషి, గుండె బాగాలేదు. కానీ సెప్టెంబరులో ఒకరోజు ఎవరి సాయమూ లేకుండా గుర్రమెక్కి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి తిరిగొచ్చాడు, జీనుకు అడ్డంగా, కంచె పనివాళ్ళు ఎత్తి కట్టిన ఒక ఆడ వంకర కొమ్ములది వేలాడుతోంది. ముందుగా దాటబోయి వలలో కొమ్ము ఇరుక్కుందట. ఎన్ని రోజులు గింజుకుందో, మెడ చుట్టూ తోలు లేదు. మామయ్య దాన్ని గుడారం ముందు దింపించి పక్కనే కూర్చున్నాడు.

"ఎవరు చెప్పారు కోడలా, ఇక్కడ ఇవి దాటవని?"

కాళ్ళ దగ్గర కూలబడి ఏడుస్తూ అంతా చెప్పాను. "మీ పేరు అనకూడదని మామయ్యా... మీ మర్యాద కోసమే..."

ఆయన చాలాసేపు ఆ జంతువు మెడ నిమురుతూనే ఉన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ రోజే సత్కిన్ చేత సాల్కిన్‌కు ఫోను చేయించాను. పది రోజుల్లో ఆ పిల్ల జిల్లా నుంచి ఒక అధికారిని వెంటబెట్టుకుని వచ్చింది. అందరం సరీబెల్ ఎక్కాం. సగం కంచె లేచింది, మిగతా సగానికి గుంతలు తీసి ఉన్నాయి. మామయ్య చెవుల టోపీ పెట్టుకుని గుర్రం మీదే ఉన్నాడు. దిగితే మళ్ళీ ఎక్కే ఓపిక ఇప్పుడు లేదు.

అధికారి కాగితం తీశాడు. "ఇది మీ సంతకమేనామ్మా?"

"నాదే. చెప్పింది ఒకటి, రాసుకుంది ఒకటి."

"ఏ జంతువో ఇప్పుడు చెప్పండి, దిద్దుతాను."

"వంకర కొమ్ములవాళ్ళు."

"మేకకీ వంకరే, పొట్టేలుకీ వంకరే. పేరు కావాలి."

సత్కిన్ ముందుకొచ్చాడు. "నేను చెప్తాను సారూ, అవి..."

"నువ్వాగు. సంతకం ఆమెది. ఒకరి మాట ఇంకొకరు దిద్దితే రేపు కోర్టులో నిలవదు."

"చెప్పు వదినా, చెప్పు," అన్నాడు ఒమూర్జాక్. వెటకారంగా కాదు, మెల్లగానే అన్నాడు. నేను చెప్పలేనని అతనికి తెలుసు. ఊరి ఆడవాళ్ళంతా ఉన్నారు, వాళ్ళలో నా ఇద్దరు కోడళ్ళున్నారు. ఎదురుగా గుర్రం మీద మామయ్య. ఆయన మొహం మీదే ఆయన పేరు అనడమంటే, ఊరంతా చూస్తుండగా ఆయన తలమీది టోపీ లాగి నేలకు కొట్టినట్టే. నోరు తెరిచాను. మాట రాలేదు. మళ్ళీ తెరిచాను. అధికారి కలం మూత పెట్టబోయాడు.

అప్పుడు మామయ్య టోపీ చెవులు రెండూ కిందికి లాగాడు. తాళ్ళు గడ్డం కింద ముడివేశాడు. పైనుంచి అరచేతులు కప్పుకుని, గట్టిగా అన్నాడు: "ఏంటోనర్రా, పొద్దుట్నుంచీ నాకు చెవుడొచ్చింది. ఒక్క ముక్క వినపడ్డం లేదు."

కొండ అవతల గుర్రం సకిలిస్తే అది ఎవరి గుర్రమో చెప్పగల చెవులవి. ఎవరూ నవ్వలేదు.

"కుల్జా," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది. అధికారి రాశాడు. మూడు చోట్ల రాశాడు, మూడు చోట్లా సంతకం చేశాను.

కనుమ మేర కంచె తీసేయమని ఉత్తరువు వచ్చింది. ఒమూర్జాక్ తనే తీయించాడు. ఆ చలికాలమే అతని ఇంకో గుర్రం పోయింది. మా గుడారం ముందునుంచి వెళ్ళేటప్పుడు ఇప్పటికీ మొహం తిప్పుకుంటాడు. అతని బాధ అతనిది, తప్పనను.

అక్టోబరు చివర మంచు పడింది. మామయ్య లేవలేకపోయాడు. "నువ్వెళ్ళి చూసిరా" అన్నాడు. సత్కినూ నేనూ పొద్దున్నే ఎక్కాం. వచ్చాయి. వందకు పైనే ఉంటాయి. వచ్చి, కంచె ఉన్న చోట వరసగా ఆగిపోయాయి. కంచె ఉండగా ఓసారి వచ్చి చూసి తిరిగిపోయినవే కాబోలు. అక్కడ తీగ లేదు, స్తంభం లేదు, పూడ్చిన గుంతలు కూడా మంచు కింద ఉన్నాయి. అయినా కదల్లేదు. మధ్యాహ్నం దాకా అలాగే నిలబడ్డాయి. చివరికి వాటిలో ఒక ముసలి ఆడది ముందుకొచ్చి, వాసన చూసి, లేని తీగ మీదుగా ఎత్తుగా దూకింది. వెనక ఒక్కొక్కటీ అక్కడే, అంతే ఎత్తుకు దూకాయి. పిల్లలు కూడా దూకాయి. సత్కిన్ మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు.

ఇంటికొచ్చేసరికి మామయ్య కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

"ఎవరొచ్చారు కోడలా?"

"మీవాళ్ళే మామయ్యా. అందరూ దాటారు."

"పేరుతో చెప్పు తల్లీ. ఆవేళ చెవులు మూసుకున్నాను కదా, సరిగా వినలేదు."

నవ్వుతూనే అడిగాడు. గుడారంలో మేమిద్దరమే ఉన్నాం. నాలుక పైకి లేవలేదు. "మీవాళ్ళే" అని మళ్ళీ అన్నాను. ఆయన సరేలే అన్నట్టు నా చేతిమీద తట్టాడు. నాలుగో రోజు పోయాడు. లేని తీగ మీదుగా గొర్రెలు దూకాయి, నేను దూకలేకపోయాను.

ఆయన్ను కనుమ కిందే పెట్టాం. మరుసటి ఏడు మొదటి మంచుకు సాల్కిన్ కాగితాలతో వచ్చింది. సమాధి పక్కన రాతిమీద ఇద్దరం కూర్చున్నాం. అవి వచ్చాయి. ఈసారి తక్కువ ఎత్తుకే దూకాయి.

"ఏం దాటాయక్కా?" అంది, కలం పట్టుకుని. తెలిసే అడిగింది.

"కుల్జా."

"గాలికి వినపళ్ళేదక్కా."

సమాధి వైపు తిరిగి, గట్టిగా చెప్పాను.