వలలకు కాదు, మనుషులకు

2006 వానాకాలం మాట. మా కోడలు ఆగ్నెస్‌కు ఆరో నెల. నీళ్లు బాగా తాగమనీ, లేకపోతే బిడ్డకే ప్రమాదమనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ పిల్ల పగలంతా గుక్కెడు కూడా తాగేది కాదు. తాగితే బయటికి వెళ్లాలి. చాటుకు ఉన్న తుప్పలన్నీ కొట్టేసి రొయ్యల చెరువులు తవ్వేశారు. చీకటిపడేదాకా ఉగ్గబట్టుకుని మూత్రంలో మంట, జ్వరం తెచ్చుకుంది. నాకు కడుపు మండిపోయింది.

మా కనకాలపేటలో మూడడుగులు తవ్వితే నీళ్లు ఊరతాయి. ఇంటికో మరుగుదొడ్డి కట్టమంటే, ఇక్కడ గుంట తవ్వితే నిలబడదని మేస్త్రీ చేతులెత్తేశాడు. చెరువులకు గట్లు వేసే పనికెళ్లే సత్యవతమ్మ నవ్వింది.

"కిందకి ఎల్లలేకపోతే పైకెల్లండి ఫిలోమినా! గట్టేసినట్టే దిబ్బెయ్యండి. గుంటకేసే సిమెంటు వరలు అందులో దింపండి."

ఏడిళ్లవాళ్లం ఒక్కటయ్యాం. అడుగు మందాన మట్టి పోయడం, తడపడం, దిమ్మిసతో కొట్టడం, ఆపైన మళ్లీ మట్టి. చేతులు బొబ్బలెక్కాయి. మధ్యలో గోదారి పొంగి వీధిలోకి నీళ్లొచ్చినా మా దిబ్బలు అంగుళం జారలేదు. గదులు లేచాయి, తలుపులు బిగించాం.

మర్నాడు చూద్దును కదా, మా మరుగుదొడ్డి గది నిండా వలలు! మా ఆయన ఇన్నయ్య నిర్వాకం. మిగతా ఇళ్లలోనూ ఇదే తంతు. వేటకెళ్లే మగాళ్లకు వల భద్రంగా ఉంటే చాలు, ఇంట్లో మనిషి ఏమైపోయినా ఫరవాలేదు కాబోలు.

"ఎలకలు దూరని గదే! ఊరికే పాడుపెట్టడం ఎందుకని..." అని నసిగాడు.

"ఏవయ్యో, నీ వలేవన్నా కడుపుతో ఉందా? దానికేవన్నా జొరమొచ్చిందా?"

వలను వీధిలోకి ఈడ్చి పారేశాను. నన్ను చూసి మిగతా ఆడవాళ్లూ ఈడ్చారు. వీధంతా వలలే.

మిట్టమధ్యాహ్నం, అరుగుల మీద మగాళ్లంతా ఉండగానే ఆగ్నెస్ బకెట్టు పట్టుకుని బయల్దేరింది. మామగారి ముందునుంచే నడిచివెళ్లి తలుపేసుకుంది. ఇన్నయ్య తలొంచుకుని వల చుట్టుకుంటున్నాడు.

తిరిగొచ్చి, చేతులు కడుక్కుని, కుండలోంచి చెంబుడు నీళ్లు ముంచింది. గటగటా తాగింది. మళ్లీ ముంచింది.

"ఎన్నాళ్లకి దాహం తీరిందో అత్తా!" అంది.