రేడియం గదిలో అక్కాచెల్లెళ్ళు

చెబితే నవ్విపోతారు గానీ, నేల కింది ఆ గదిలో ఏదో ఉందంటే అందరికంటే ముందు కొట్టిపారేసేది చిన్నదే. జుట్టు నెరుస్తున్నా ఇంట్లోవాళ్ళు ఆమెను అలాగే పిలిచేవారు. భౌతికశాస్త్రం చదివిన మనిషి, పైగా పట్టిన పట్టు విడిచే రకం కాదు.

ఆమె పని రేడియంతో. దాని కేంద్రకం గుండ్రంగా ఉండదు, సొరకాయలా ఒకవైపు ఉబ్బి ఉంటుంది. ఆ బరువైన పరమాణువుకు ఫ్లోరిన్ జతచేసి, ఆ అణువులను గాలి తీసేసిన గొట్టంలోకి వదిలి, లేజరుతో తడిమి చూస్తుంది. విద్యుత్ క్షేత్రాన్ని పైకి పెట్టినప్పుడూ కిందికి తిప్పినప్పుడూ వాటి స్పందన మధ్య వెంట్రుకవాసి తేడా కనిపిస్తే చాలు, కాలం ముందుకు నడవడమూ వెనక్కి నడవడమూ ప్రకృతికి ఒకటి కాదని తేలుతుంది. తేడా లేకపోతే గది ఖాళీ చెయ్యాలి. సగం జీవితం బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

మనిషి కోరిక కళ్ళను మోసం చేస్తుందని ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. క్షేత్రం ఎటు ఉందో లెక్క చూసేవాళ్ళకు తెలియకూడదు. అందుకే స్విచ్ పక్క గదిలో, అక్క చేతిలో ఉండేది. అక్క ఎలక్ట్రానిక్స్ మనిషి. చెల్లెలి భర్త పోయినప్పటి నుంచి వాళ్ళ కూతురిని పెంచుతున్నదీ ఆమే.

ఆ వారం తేడా కనిపించింది. పై అంతస్తులోని సంస్థ పెద్దల కాళ్ళు నేల మీద నిలవలేదు. చిన్నది మాత్రం దాన్ని నమ్మలేకపోయింది. స్విచ్ ఎటు తిరిగిందో ఆమెకు ముందే తెలిసిపోతోంది, మెడ మీద ఎవరో ఊదినట్టు.

"అక్కా, నీ ఇష్టమొచ్చినట్టు తిప్పు. ఎటుందో నేను చెబుతాను," అని తన కుర్చీలో కూర్చుంది. "పైకి. కిందికి. మళ్ళీ కిందికి. పైకి."

అక్క తలుపు తోసుకుని వచ్చింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"సరిపోయాయా?"

"అన్నీ సరిపోయాయి. కానీ మొదటిసారి తప్ప నేను స్విచ్ ముట్టుకోలేదే. నువ్వు అన్నాక క్షేత్రం చూపే మీటరు దానంతటదే తిరిగింది."

చిన్నది చప్పున కుర్చీలోంచి లేచింది. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఏది కోరితే యంత్రం అదే చూపిస్తోందన్నమాట. మరి ఆ తేడా?

"నా కుర్చీలో నువ్వు కూర్చో. నేను బయటికి పోతాను. నిజమైనదైతే నేను లేకపోయినా కనబడుతుంది."

బయట గ్యాసు సిలిండర్ల మధ్య నిలబడి, ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని ఎదురుచూసింది. లోపలికి వచ్చేసరికి తెర మీద గీత సున్నా దగ్గర ఉంది.

"తేడా లేదే," అంది అక్క మెల్లగా. "పోనీలే. ఇంటికి పోదాం పద."

ఏడుపు దిగమింగుకుని చిన్నది తెర మీదికి వంగింది. తేడా లేని చోట కూడా కొలతలు కాస్త అటూ ఇటూ చెదరాలి. ఏ పరికరానికైనా ఆ మాత్రం వణుకు ఉంటుంది. ఇక్కడ వణుకే లేదు, దారం లాగి కట్టినట్టుంది. అలాంటి సున్నా కొలిస్తే రాదు, ఎవరో కోరుకుంటేనే వస్తుంది.

"అక్కా, నువ్వేం కోరుకున్నావు?"

అక్క తల వంచుకుంది. "నీ కూతురు నన్ను అమ్మా అంటోందే. విన్నప్పుడల్లా గుండె తరుక్కుపోతోంది. ఓడిపోయైనా సరే, నువ్వు ఇంటికొస్తే చాలనుకున్నాను."

"ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచీ."

చిన్నదానికి కోపం కంటే ముందు భయమేసింది. ఇన్నేళ్ళూ తోడబుట్టినదే పక్కన కూర్చుని తన ఓటమికి మొక్కుకుందా?

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు లేదే. నీ మీద ఒట్టు. నీకు అది దొరకాలి, అంతే."

"అయితే లేవకు. ఆ కుర్చీలోనే కూర్చుని కోరుకో."

అక్క కళ్ళు గట్టిగా మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. కొత్త కొలతలు ఒకదాని వెనక ఒకటి వచ్చి తెర మీద పడుతున్నాయి. అన్నీ ఏ వణుకూ లేకుండా సున్నా మీదే పడుతున్నాయి.