గులాబీ దిరిసెన పొడి

ఆ ఆదివారం ఉదయం ఫ్లోరా ముందున్న సరుకు ఇది: చాటెడు ఎండిన దిరిసెన బెరడు, అంచు అరిగిన చాకు, మాటిమాటికీ వేడెక్కి ఆగిపోయే మిక్సీ, సన్న జల్లెడ, నలభై ఖాళీ డబ్బాలు. చర్చికి వెళ్ళేలోపు బెరడంతా పొడైపోవాలి, పొడంతా డబ్బాల్లోకి చేరాలి. వ్యాపారం భర్త సాలొమోనుది. వ్యాపారమంటే ఆయన ఒప్పుకోడు, పైసా తీసుకోకుండా పంచుతాడు. తీసుకునేది పేరు. ఢిల్లీలో మయూర్ విహార్ నుంచి ఘాజియాబాద్ దాకా తెలుగు క్రైస్తవ సంఘంలో నిద్రపట్టని వాళ్ళందరికీ "సాలొమోను గారి పొడి" తెలుసు. వచ్చే ఆదివారం సంఘపెద్దల ఎన్నిక. ఆయన నిలబడుతున్నాడు.

చెట్టు సొసైటీ పార్కుది, మాట ఆయనది, రెక్కలు ఆమెవి. ఎనిమిది నెలల కిందట మొదటిసారి బెరడు తెచ్చి, "నర్సు చేతులు శుభ్రంగా ఉంటాయి, నువ్వే చెయ్యి ఫ్లోరా" అన్నాడు. మెప్పనుకుని మోసపోయింది. అప్పట్నుంచి దంచడం, జల్లించడం, ఆ దుమ్ముకి తుమ్మడం ఆమె వాటా. ఏలూరు నుంచి అత్తగారు ఫోన్లో, "పొడి గరుగ్గా ఉందంటన్నాడు మావాడు. ఆస్పత్రిలో ఊరందరికీ సేవ చేస్తావు, మొగుడికి నాలుగు డబ్బాలు మెత్తగా దంచలేవటే?" అంది. చర్చిలో ఎవరైనా పొగిడితే ఆయన కళ్ళు మూసుకుని "అంతా ప్రభువు కృప" అంటాడు. ప్రభువు తర్వాతైనా తన పేరు వస్తుందేమోనని మొదట్లో ఫ్లోరా ఎదురుచూసేది. తర్వాత మానేసింది. ఆయన ఆమె పేరెత్తేది అవసరం పడినప్పుడే.

ఆ అవసరం ఇప్పుడే పడింది. బాల్కనీలో ఆయన ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"మీ కోడలికి నాలుగో నెలా? శుభం లలితకుమారిగారూ. నిరభ్యంతరంగా ఇవ్వండి. చెట్టు మందు, ఏం చేస్తుంది? మా ఆవిడ నర్సేగా, ఆవిడ చూడందే ఒక్క డబ్బా బయటికి రాదు."

ఫ్లోరా మిక్సీ ఆపేసింది. వార్డులో చీటీ మీద మోతాదు సరిగా కనపడకపోతే డాక్టరుకి మూడుసార్లు ఫోన్ చేసి అడిగే మనిషి తను. ఇంట్లో ఎనిమిది నెలలుగా ఏ చెట్టు, ఎంత మోతాదు, ఎవరికి అని ఒక్కసారీ అడగలేదు. భర్త తెచ్చాడు కదా అని దంచింది. ఈ తప్పు ఎవరి ఖాతాలోకీ తోయడానికి లేదు.

చాటలో చెయ్యి పెట్టి కెలికితే బెరడు మధ్య చదునైన ఎండుకాయలు తగిలాయి.

"ఏమండీ, ఈ కాయలేంటి?"

"బలానికి. ఈసారి అవి కూడా కలిపెయ్."

"ఇది ఏ దిరిసెన?"

"దిరిసెనంటే దిరిసెనే. మా అమ్మ దీని కషాయం తాగుతూనే ఆరుగుర్ని కంది."

"అత్తయ్యగారు తాగింది తెల్లపూల దిరిసెన, దగ్గుకి. పార్కులో ఉన్నది గులాబీ పూల చెట్టు. కొండల వైపు జాతి."

"ఆకు అదే, కాయ అదే. నువ్వేమన్నా చెట్ల డాక్టరువా?"

ఆమె ఫోన్ తీసి వెతికింది. బెరడు నిద్రకీ మనసు కుదుటపడడానికీ చైనా వైద్యంలో వాడతారని ఉంది. ఎంత వాడితే క్షేమమో గట్టి పరీక్షలు లేవనీ ఉంది. గర్భిణులకు వద్దు. నిద్రమాత్రలతో కలిస్తే మత్తు పెరగవచ్చు. గింజల్లో ఫిట్స్ తెప్పించే విషం. చదువుతుంటే కూర్చోలేకపోయింది. వంటగదిలోంచి హాల్లోకీ, హాల్లోంచి వంటగదిలోకీ తిరిగింది. తిరుగుతూనే, ఓట్ల లెక్క కోసం పొడి తీసుకున్నవాళ్ళ పేర్లు, నంబర్లు ఆయన రాసుకున్న పుస్తకం టేబుల్ మీద నుంచి తీసింది. మొదటి ఫోన్ లలితకుమారికి.

"ఆంటీ, నేను ఫ్లోరాని. మీ కోడలు షారన్ పొడి తాగిందా?"

"అచ్ఛా, నువ్వా అమ్మా? ఇంకా లేదు. కషాయం పొయ్యి మీద మరుగుతోంది."

"పొయ్యి కట్టేసి, ఆ గిన్నె సింకులో పారబోయండి. కడుపుతో ఉన్నవాళ్ళకి అది వద్దు."

"మరి సాలొమోను గారు ఇప్పుడేగా..."

"ఆయన నర్సు కాదాంటీ, నేను."

షారన్ ఫోన్ లాక్కుంది. "ఆంటీ, నీంద్ హీ నహీ ఆతీ, అస్సలు నిద్రే రావట్లేదు. మరి నేనేం తీస్కోను?"

"ముందు మీ డాక్టరుకి చెప్పు. పొద్దున ఎన్నింటికి లేస్తావు?"

"చార్ బజే, నాలుక్కే. అందరి టిఫిన్లు చేసి గురుగ్రామ్ క్యాబ్ ఎక్కాలి కదా."

సాలొమోను టై కట్టుకుంటూ వచ్చి, చేతిలో పుస్తకం చూసి ఆగిపోయాడు. "వారంలో ఎలక్షన్ పెట్టుకుని నా పరువు బజార్న పెడతావా?"

"మీ పేరెత్తను. నేనే దంచాను, నేనే వద్దంటున్నాను అని చెప్తాను."

"చర్చికి టైమవుతోంది."

"వెళ్ళిరండి."

ఆయన వెళ్ళిపోయాడు. ఆమె ఒక్కొక్క పేరూ పిలుస్తూ పోయింది. సుభద్రగారు డాక్టరిచ్చిన నిద్రమాత్ర మీద ఈ పొడి కూడా వేసుకుంటోంది. "పొడి ఆపండి. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి, రేపే డాక్టరుని కలవండి" అంది. భానుమతి నవ్వేసింది: "నీ పొడి పోతే పోనీలే వదినా, మీ అన్నయ్య గురక ఆపే చెట్టేదన్నా ఉంటే చెప్పు." ఒకావిడ తిట్టింది. ఇంకొకావిడ ఏడ్చింది. ప్రతి ఒక్కరినీ ఫ్లోరా ఆ ఒక్క ప్రశ్నా అడిగింది: ఎన్నింటికి లేస్తారు? మంచాన పడ్డ మామగారికి పక్క మార్చాలని ఒకరు, నీళ్ళొచ్చే వేళకి లేవాలని ఒకరు, నైట్ షిఫ్టు నుంచి వచ్చి వంట మొదలుపెట్టాలని ఇంకొకరు. ఇరవై మూడు పేర్లు అయ్యేసరికి ఫోన్ చెవికి అంటుకుపోయింది. అప్పుడు గమనించింది, ఆ ఇరవై మూడింటిలో మగవాడి పేరు ఒక్కటీ లేదు.

లెక్క తేల్చుకుందాం. తర్వాతి ఆదివారం సాలొమోను ఓడిపోయాడు. పది రోజులు ఆమెతో మాట్లాడలేదు. అత్తగారు ఇంకా మాట్లాడడం లేదు. అది నష్టం అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. లాభం వైపు చూస్తే, షారన్ స్కానింగ్‌లో బిడ్డ బాగుందని చెప్పారు. దంచడం ఆగినందుకు ఫ్లోరాకి వారానికి ఆరు గంటలు మిగిలాయి. ఆ ఆరు గంటలు దేనికి వాడాలో తెలిసినవాళ్ళందరూ తలో సలహా ఇచ్చారు. ఆమె తలుపేసుకుని నిద్రపోయింది.