అందరి నేల

మా ఆవిడ రేడియోలో ఇంగ్లీషు వార్తలు చదువుతుంది. అద్దానికి ఇవతల మీటల ముందు కూర్చునేది నేను. ఇంట్లో ఎలాగూ నా మాట సాగదు, ఆవిడ గొంతు తగ్గించే అధికారం ఇక్కడైనా దక్కిందని నవ్వుకునేవాణ్ణి.

సైనికులు గద్దెనెక్కి మా దేశానికి ఇంగ్లీషులో పేరు మార్చారు. మా భాషలో పేరు మాత్రం అలాగే ఉంది. పాత ఇంగ్లీషు పేరేమీ గొప్పది కాదు. ఎప్పుడో ఓడల్లో వచ్చిన పరదేశీయులు తాము దిగిన రేవు పేరునే దేశమంతటికీ అంటగట్టారు. కొత్త పేరుకు మా ప్రాచీన భాషలో 'అందరి నేల' అని అర్థం. అర్థానికి వంక పెట్టలేం. కానీ ఆ పేరు పెట్టేముందు ఆ అందరిలో ఒక్కణ్ణయినా అడిగిన పాపాన పోలేదు. అందుకే జనం పంతానికి పాత పేరునే పట్టుకున్నారు.

నా బావమరిది బడిలో ఇంగ్లీషు పంతులు. పిల్లలకు పాత పేరే నేర్పుతున్నాడని పట్టుకుపోయారు. కొత్త పేరు పలికితే వదిలేస్తామన్నా పలకలేదు. మొండిఘటం. వాడి అక్క, అదే మా ఆవిడ, కూడా తక్కువ తినలేదు. వార్తల్లో ఆ పేరు వచ్చిన చోటల్లా "మన దేశం" అని దాటేసేది.

ఒకరోజు మా పై అధికారి మా ఇద్దర్నీ పిలిచాడు. "ఒక్కసారి స్పష్టంగా పలకమ్మా. మీ తమ్ముడు ఇంటికొస్తాడు."

ఆమె నావైపు చూసింది.

"పేరేగా, పలికెయ్," అన్నాను. వాడు బతికొస్తే చాలు నాకు.

ఆ సాయంత్రం పలికింది. మర్నాడే వాడొచ్చాడు, సగం మనిషై. అన్నం పెడితే ముట్టలేదు.

"నిన్న జైల్లో స్పీకర్లు పెట్టి నీ వార్తలు వినిపించారక్కా."

"నీ కోసమేరా! నేను పలికితే నిన్ను వదిలేస్తామన్నారు."

"అంతటితో వదల్లేదు. ఇప్పుడు నువ్వూ పలుకు అన్నారు. ఎంత కొట్టినా పలకలేదక్కా ఇన్నాళ్లూ. నువ్వే అనేశాక ఇంకెవరి కోసంలే అనిపించింది. అనేశాను. నా గదిలో ఉన్న పెద్దాయన మొహం తిప్పుకున్నాడు."

ఆమె నన్ను నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.  తమ్ముడి కంచం తీసి లోపల పెట్టింది.

మర్నాడు మామూలుగానే ఇద్దరం డ్యూటీకి వెళ్లాం. ఆ కొత్త పేరు వచ్చిన ప్రతిచోటా ఎక్కడా తడబడకుండా చదివింది. ఏడుపు ఆపుకోలేకపోయింది నేనే.